చదివేవాళ్లు లేని పోర్ట్‌ఫోలియో: ఒక ప్రాక్టికల్ కోర్సు కేస్ స్టడీ

నేను ఒక విశ్వవిద్యాలయంలో, అధ్యాపకులకు బోధన విషయంలో సాయం చేసే విభాగంలో పని చేస్తున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా, మార్కుల పద్ధతి మారినా "ఒకసారి వచ్చి చూస్తారా" అని ఫోన్ మాకే వస్తుంది. ఈ-పోర్ట్‌ఫోలియో అంటే విద్యార్థి తను చేసిన పనినీ, దాని మీద తన ఆలోచనలనీ ఆన్‌లైన్ పేజీల్లో పోగుచేసుకునేది. అది పెట్టుకున్న కోర్సులు ఇప్పటికి చాలానే చూశాను. వాటిలో ఈ ఒక్క కోర్సు గురించే రాయడానికి కారణం ఉంది. ఇందులో జరిగిన పెద్ద తప్పులు రెండూ అధ్యాపకులవి కావు, నావి. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. సంఖ్యలను కూడా కొంచెం అటూ ఇటూ జరిపాను, కానీ లెక్క చెడకుండా చూసుకున్నాను.

నేపథ్యం

నేల శాస్త్రంలో రెండో సంవత్సరం ప్రాక్టికల్ కోర్సు ఇది. నాలుగు సెక్షన్లు, మొత్తం 168 మంది విద్యార్థులు, నలుగురు అధ్యాపకులు. వారానికి ఒక ల్యాబ్. సెమిస్టర్‌లో మూడుసార్లు ఫీల్డ్‌కి వెళ్లి, గొయ్యి తవ్వి, మట్టి పొరలు చూసి రావాలి. నలుగురిలో ఒకరు ఈ కోర్సును మొదటి నుంచీ నడుపుతున్న సీనియర్ ప్రొఫెసర్ గారు. ఒకరు ఫీల్డ్ పనంతా నెత్తిన వేసుకున్న సార్. ఒకరు ఆ ఏడాదే చేరిన మేడమ్. నాలుగో ఆయన వేరే శాఖ నుంచి ఈ సెక్షన్ కోసం మాత్రమే వచ్చి, క్లాసు అవగానే వెళ్లిపోయేవారు.

అప్పటిదాకా విద్యార్థులు ల్యాబ్ రికార్డు రాసేవాళ్లు. ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, ఫలితం అనే వరసలో ముత్యాల్లాంటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా. పక్కవాళ్లది చూసి రాస్తారని అందరికీ తెలుసు, ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. శాఖాధిపతి ఒక సమీక్షకు వెళ్లి వచ్చాక ఈ-పోర్ట్‌ఫోలియో మాట ఎత్తారు. ఉన్నత విద్యలో ఈ మాటకు బరువు ఊరికే రాలేదు. విద్యార్థుల చదువు మీద గట్టి ప్రభావం చూపే పది పద్ధతులంటూ అమెరికాలో జార్జ్ కూ 2008లో ఒక జాబితా ఇచ్చారు. 2016లో దానికి పదకొండోదిగా ఈ-పోర్ట్‌ఫోలియో చేరింది. శాఖాధిపతి గారి స్లైడులో కూడా అదే ఉంది. జాబితాలోకి ఎక్కిన పద్ధతి మన క్లాసులో కూడా పని చేయాలంటే ఏం కావాలో మాత్రం స్లైడులో లేదు.

మాకు వచ్చిన ఈమెయిల్ ఒకటే వాక్యం: "వచ్చే సెమిస్టర్ నుంచి మా ప్రాక్టికల్ కోర్సులో ఈ-పోర్ట్‌ఫోలియో ఉంటుంది, మా వాళ్లకు ట్రైనింగ్ ఇవ్వగలరు."

మా ముందుకు వచ్చిన సమస్య

మొదటి మీటింగ్‌లో నాకు వినిపించినవన్నీ బటన్ల గురించిన ప్రశ్నలే. ఫొటో ఎక్కడ పెట్టాలి? ఒకరి పేజీ ఇంకొకరికి కనిపిస్తుందా? విద్యార్థి తర్వాత మార్చేస్తే మాకెలా తెలుస్తుంది? ప్రొఫెసర్ గారైతే "నాకు ఈ కంప్యూటర్ పనులు అంతగా రావండీ" అని ముందే చెప్పేశారు. ఇవన్నీ విని సమస్య సాఫ్ట్‌వేర్ రాకపోవడమే అనుకున్నాను. నేర్పిస్తే సరిపోతుందనిపించింది.

ఆ రోజు నా నోట్‌బుక్‌లో ఇంకో మూడు మాటలు కూడా రాసుకున్నాను. శాఖాధిపతి: "సమీక్ష కమిటీకి చూపించడానికి ఆధారాలు ఉండాలి." ఫీల్డ్ సార్: "ఉద్యోగానికి వెళ్లినప్పుడు పిల్లలు తమ పని చూపించుకోవాలి." మేడమ్: "తప్పు ఎక్కడ వచ్చిందో వాళ్లంతట వాళ్లు పట్టుకోగలిగితే నాకు చాలు." ముగ్గురూ పోర్ట్‌ఫోలియో గురించే మాట్లాడుతున్నారు, కానీ ముగ్గురూ ఒకే దాని గురించి మాట్లాడటం లేదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు చూపించే పేజీలో తప్పు లెక్క ఎవరూ పెట్టరు. తప్పు లెక్క లేకపోతే మేడమ్‌కి కావాల్సింది దొరకదు. ఈ రంగంలో చాలాకాలం పనిచేసిన హెలెన్ బారెట్ పోర్ట్‌ఫోలియోకి రెండు ముఖాలని చెప్పేవారు: పని చేసుకునే చోటు ఒకటి, ప్రదర్శించే చోటు ఇంకొకటి. అది నాకు తెలియని సంగతేం కాదు. తెలిసి కూడా ఆ మూడు మాటలూ రాసుకుని పేజీ తిప్పేశాను. వర్క్‌షాప్ తేదీ ఖరారు చేసే తొందరలో ఉన్నాను మరి.

మొదటి ప్రయత్నం: నేర్పిస్తే చాలనుకోవడం

రెండేసి గంటల వర్క్‌షాపులు రెండు పెట్టాం. స్క్రీన్‌షాట్లతో 22 పేజీల మాన్యువల్ తయారు చేశాం. విద్యార్థుల కోసం ఎనిమిది శీర్షికలతో ఒక టెంప్లేటు ఇచ్చాం. సెమిస్టర్ మొత్తానికి ఆరు ఎంట్రీలు, ప్రతి దాని చివర "ఈ ప్రయోగం నుంచి మీరు ఏం నేర్చుకున్నారు?" అనే ప్రశ్న. టెంప్లేటు ఇవ్వాలా వద్దా అని మా విభాగంలో చర్చ జరిగింది. ఖాళీ పేజీ ముందు కూర్చోబెడితే విద్యార్థులు బెదిరిపోతారని నేను వాదించాను. ఆ వాదన ఇప్పటికీ తప్పనను. కానీ ఎనిమిది శీర్షికలు ఉన్న టెంప్లేటు ల్యాబ్ రికార్డుకి తమ్ముడే అవుతుందని అప్పుడు తోచలేదు.

వర్క్‌షాపులకు నలుగురూ వచ్చారు, అభిప్రాయ పత్రాల్లో బాగుందని రాశారు. నాలుగో వారంలో అడిగితే అంతా సవ్యంగానే ఉందన్నారు.

తొమ్మిదో వారంలో సర్వర్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏం పెట్టారో, ఏం తెరిచారో నమోదయ్యే చిట్టా, చూశాను. సగం మందికి పైగా ఇంకా ఒక్క ఎంట్రీ కూడా పెట్టలేదు. గడువుకు ముందు రెండు రాత్రుల్లో వరద వచ్చినట్టు వచ్చి పడ్డాయి. మేడమ్ నన్ను పిలిచి తన సెక్షన్‌లోవి కొన్ని చదివించారు. "ఈ ప్రయోగం నాకు ఎంతో ఉపయోగపడింది. టీమ్ వర్క్ విలువ తెలుసుకున్నాను. భవిష్యత్తులో ఇది నాకు తోడ్పడుతుంది." పేరు తీసేస్తే ఏ ఎంట్రీ ఎవరిదో చెప్పలేం. ప్రయోగం పేరు తీసేస్తే ఏ ప్రయోగమో కూడా చెప్పలేం. మేడమ్ నవ్వుతూనే అన్నారు: "పిల్లల తప్పేం లేదండీ. ఏం నేర్చుకున్నారని మనం పెళ్లిచూపుల్లో అడిగినట్టు అడిగాం, వాళ్లూ అలాగే చెప్పారు."

దీనికి తోడు తాళం గొడవ. పోర్ట్‌ఫోలియో సాఫ్ట్‌వేర్లలో సాధారణంగా ఒక ఏర్పాటు ఉంటుంది. విద్యార్థి పేజీని మూల్యాంకనానికి సబ్మిట్ చేస్తే, అధ్యాపకులు చూసి విడుదల చేసేదాకా అది లాక్ అయిపోతుంది. మార్కులు వేస్తుండగా పేజీ మారిపోకూడదు కదా, అందుకు. పరీక్ష పేపరుకి అది సరైన ఏర్పాటే. కానీ నేను మాన్యువల్‌లో ప్రతి ఎంట్రీనీ సబ్మిట్ చేయమని రాశాను. ముందుగా పెట్టిన శ్రద్ధ గల విద్యార్థుల పేజీలే లాక్ అయ్యాయి. అధ్యాపకులకు చదివే తీరిక లేక మూడు వారాలు అలాగే ఉండిపోయాయి. వాళ్లు రెండో ఎంట్రీ పెట్టలేకపోయారు. చివరి రాత్రి పెట్టినవాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు! అంటే ముందు పెట్టినవాళ్లను శిక్షించే ఏర్పాటును నేనే స్వయంగా తయారుచేశాను.

రెండో ప్రయత్నం: మార్కులు పెడితే రాస్తారనుకోవడం

సెమిస్టర్ సెలవుల్లో నలుగురితో కూర్చున్నాం. తాళం సంగతి తేలికగానే తేలింది. మధ్యలో ఎంట్రీలను సబ్మిట్ చేయక్కర్లేదు, అధ్యాపకులతో షేర్ చేస్తే చాలు. చివరి పేజీని మాత్రమే సబ్మిట్ చేయాలి. మిగిలింది ఎంట్రీల్లో పస లేకపోవడం. దీనికి నా దగ్గరున్న మందు రూబ్రిక్, అంటే ఏ అంశం ఏ స్థాయిలో ఉంటే ఎన్ని మార్కులో చూపే పట్టిక. రిఫ్లెక్షన్‌కి, అంటే చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకుని రాసేదానికి, మార్కులు లేవు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, ఎలా ఉంటే మంచిదో వివరంగా రాసి మార్కులిస్తే రాస్తారని నా తర్కం. ఐదు అంశాలు, ఒక్కో దానికి నాలుగు స్థాయిలు. అందులో ఒకటి: "తన పొరపాటును గుర్తించి, దాని కారణాన్ని విశ్లేషించగలగడం."

ఎంట్రీలు పొడుగయ్యాయి. భాష మారింది. మొదటి సెమిస్టర్‌లో ఎవరూ ఏ పొరపాటూ చేయలేదు, రెండో సెమిస్టర్‌లో పొరపాటు చేయనివాళ్లు ఒక్కరూ లేరు. నాకు సంతోషమే వేసింది, రెండు మూడు మీటింగుల్లో గొప్పగా కూడా చెప్పుకున్నాను. మార్కులు వచ్చాక ఒక విద్యార్థి మేడమ్ దగ్గరికి వచ్చి, తన మూడో ఎంట్రీలో రాసింది నిజం కాదని చెప్పాడు. ఆ ప్రయోగం అతనికి మొదటిసారే సరిగ్గా వచ్చింది. పొరపాటు లేకపోతే ఆ వరసలో మార్కులు పోతాయి కాబట్టి తూకం తప్పు చేసినట్టు, తర్వాత పశ్చాత్తాపపడి సరిచేసుకున్నట్టు ఒక కథ అల్లాడు. ఆ ఎంట్రీకి పూర్తి మార్కులు పడ్డాయి. అదే అతన్ని ఇబ్బంది పెట్టింది.

మేడమ్ ఈ సంగతి చెప్పినప్పుడు ప్రొఫెసర్ గారు అన్న మాట నాకు గుర్తుండిపోయింది. "రికార్డులో అంకెలు కల్పించేవాళ్లు. ఇప్పుడు మనం మనసులో మాటలు కల్పించడం నేర్పాం." నిజాయితీని స్థాయిలుగా విడగొట్టి మార్కులిస్తే నిజాయితీగా కనపడటం నేర్చుకుంటారు. విద్యార్థి మనసులో ఏముందో కొలిచే పరికరం నా దగ్గర లేదు, రూబ్రిక్ గళ్లు గీసినంత మాత్రాన రాదు.

ఈ సెమిస్టర్ చివరే చదివే భారం కూడా బయటపడింది. నాలుగో ఆయన ఎంట్రీలు ఏవీ తెరవలేదని లాగ్ చూపించింది. మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. ఒక్కో సెక్షన్‌లో 42 మంది, ఒక్కొక్కరివి ఆరు ఎంట్రీలు, మొత్తం 252. ఐదు అంశాల రూబ్రిక్‌తో ఒక ఎంట్రీ చదివి మార్కులేసి రెండు ముక్కలు రాయాలంటే ఆరు నిమిషాలు ఎక్కడికీ పోవు. అంటే ఒక్కో అధ్యాపకుడికి 25 గంటలు. నలుగురికీ కలిపి వంద గంటలు. ఈ గంటలు ఎవరి టైమ్‌టేబుల్‌లోనూ లేవు, ఎవరూ ఇస్తామని కూడా అనలేదు. ఒక గంటలో అయిపోయే ఈ లెక్కను మొదటి మీటింగ్‌లోనే వేసి ఉండాల్సింది. నాలుగో ఆయన బద్ధకస్తుడు కాదు. అసాధ్యమైన దాన్ని అసాధ్యమని మొదట గుర్తించినవాడు ఆయనే.

మలుపు: ఒక ల్యాబ్ మధ్యాహ్నం

మూడో సెమిస్టర్‌కి ముందు కొత్త మాన్యువల్ ఏదీ రాయకూడదని నిశ్చయించుకున్నాను. ఒక మధ్యాహ్నమంతా ల్యాబ్‌లో మూలన కూర్చుని చూశాను. ఆ రోజు మట్టిలో ఇసుక, ఒండ్రు, బంకమట్టి ఏ పాళ్లలో ఉన్నాయో తేల్చే ప్రయోగం. మట్టిని నీళ్లలో బాగా కలిపి పొడుగాటి గాజు జాడీలో పోసి, ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ వదులుతారు. బరువైన ఇసుక ముందు అడుక్కి చేరుతుంది కాబట్టి మొదటి రీడింగ్ 40 సెకన్లకు తీసుకుంటారు. ఒండ్రు దిగడానికి సమయం పడుతుంది, అందుకని రెండో రీడింగ్ 2 గంటలకు. ఆ 40 సెకన్లు ల్యాబంతా ఊపిరి బిగపట్టి ఉంటుంది. తర్వాతి రెండు గంటలు సంత.

ఫీల్డ్ సార్ నా పక్కన స్టూలు మీద కూర్చుని అన్నారు: "చూస్తున్నారుగా, ఈ రెండు గంటలూ వాళ్లు ఫోన్లు చూసుకుంటారు, నేను అటెండెన్స్ రాసుకుంటాను. మీ పోర్ట్‌ఫోలియో ఏదో ఇప్పుడే రాయిస్తే పోలా?"

అంతవరకూ మేము పోర్ట్‌ఫోలియోని ఇంటి పనిగానే ఊహించాం. విద్యార్థి ఇంట్లో రాస్తాడు, అధ్యాపకుడు ఇంట్లో చదువుతాడు. ప్రయోగం జరిగిన చోటికీ రాసే చోటికీ మధ్య వారాలు గడిచిపోతాయి, ఈలోగా గుర్తున్నదంతా ఆవిరైపోయి టీమ్ వర్క్ ఒక్కటే మిగులుతుంది. ఫీల్డ్ సార్ మాటతో ప్రశ్న మారింది. అప్పటిదాకా "వీళ్ల చేత ఎలా రాయించాలి?" అని ఆలోచించాం. ఇక నుంచి "ఇది ఎవరు, ఏ రోజు, ఎక్కడ కూర్చుని చదువుతారు?" అన్నదాన్ని ముందు పెట్టుకున్నాం. దానికి జవాబు దొరికిన ఎంట్రీ మాత్రమే కోర్సులో ఉంటుంది.

ఏం మార్చాం, ఎందుకు

ఎంట్రీలు ఆరు నుంచి నాలుగుకి తగ్గించాం. మధ్యలో వేచి ఉండాల్సిన ప్రయోగాలు, లేదా మర్నాడు వచ్చి తూకం చూడాల్సిన ప్రయోగాలు సరిగ్గా నాలుగున్నాయి. వాటికే ఎంట్రీలు పెట్టాం. ఎంట్రీ ల్యాబ్‌లోనే రాయాలి, అధ్యాపకులు బల్లల మధ్య తిరుగుతూ విద్యార్థి ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో అక్కడికక్కడే చదవాలి. చదివి ఒక ప్రశ్న నోటితో అడగాలి. ఆ ప్రశ్నను విద్యార్థి ఎంట్రీ కింద రాసుకోవాలి, వచ్చే ఎంట్రీ దానికి జవాబుతో మొదలవ్వాలి. రాతపూర్వక వ్యాఖ్య సెమిస్టర్‌లో ఒక్కో విద్యార్థికి రెండుసార్లు మాత్రమే. 42 మంది, రెండుసార్లు, నాలుగేసి నిమిషాలు: అధ్యాపకుడికి 5 గంటల 36 నిమిషాలు. ఈ లెక్కను మీటింగ్‌లో బోర్డు మీద వేసినప్పుడు నాలుగో ఆయన మొదటిసారి నోరు విప్పారు: "ఇది చేయొచ్చు."

టెంప్లేటు తీసేసి ఒకే ప్రశ్న ఉంచాం. దాని మాటల కోసం మూడు రోజులు కుస్తీ పట్టాం. నర్సింగ్ చదువుల్లో ఎప్పటి నుంచో వాడుతున్న "ఏం జరిగింది, అయితే ఏంటి, ఇక ఏం చేద్దాం" అనే మూడు ప్రశ్నల వరస తెలిసిందే, దాన్నే పెడదామన్నాను. ముందు మనమే రాసి చూద్దామని మేడమ్ పట్టుబట్టారు, తన క్లాసుల గురించి నాలుగు ఎంట్రీలు రాశారు. ప్రొఫెసర్ గారు ఒకటి రాసి ఆపేశారు. ఆ ఒక్కటీ ఇలా ఉంది: "క్లాసు బాగా జరిగింది. విద్యార్థులు ఆసక్తి చూపారు." తనే చదువుకుని, "నేనూ టీమ్ వర్కే రాశానే" అని నవ్వారు. మిగతా ఇద్దరూ రాయలేదు, నేను బలవంతం చేయలేదు. అధ్యాపకులు ముందు తామే పోర్ట్‌ఫోలియో చేయాలని మా రంగంలో తరచూ చెబుతుంటారు. నిజంగా చేసినవాళ్లు ఒకరున్నర మందే. కానీ ఆ ఒకరున్నర మంది వల్ల ప్రశ్న మారింది. మేడమ్ తన ఎంట్రీల్లో పస ఉన్నది ఏదో చూసుకుంటే, తను తప్పు చేశానని రాసింది కాదు, తనకు అనుమానంగా ఉన్నదాని గురించి రాసింది. చివరికి తేలిన ప్రశ్న ఇది:

"ఇవాళ మీ కాగితం మీదున్న అంకెల్లో మీకు నమ్మకం తక్కువగా ఉన్నది ఒకటి ఎంచుకోండి. ఆ కాగితం ఫొటో పెట్టండి. నమ్మకం ఎందుకు తక్కువ? కుదరాలంటే ఏం చేసి చూడాలి?"

ఇందులో తప్పు ఒప్పుకోమని ఎక్కడా లేదు. ప్రయోగం సరిగ్గా వచ్చినవాళ్లకు కూడా మిగతావాటికన్నా నమ్మకం తక్కువున్న అంకె ఒకటి ఉంటుంది కాబట్టి కథ అల్లాల్సిన అవసరం లేదు. పైగా ఎదురుగా ఒక వస్తువు ఉంటుంది. కొట్టివేతలతో, మట్టి మరకలతో ఉన్న చిత్తు కాగితం.

మూడో వారంలో ఒక అమ్మాయి పెట్టిన ఎంట్రీని ఇక్కడ చెప్పాలి. మట్టిలో తేమ కొలిచే ప్రయోగం. తడి మట్టిని తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఆరబెట్టి, మళ్లీ తూచాలి. డబ్బా బరువు తీసేశాక ఆమెకు తడి మట్టి 52 గ్రాములు, పొడి మట్టి 40 గ్రాములు వచ్చాయి. తేమ 23 శాతం అని రాసి ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది. కారణం: "ఇదే గోతిలోంచి మట్టి తెచ్చుకున్న పక్క టీమ్‌కి 30 వచ్చింది. మా తక్కెడ మీద అనుమానంగా ఉంది." ల్యాబ్‌లో తిరుగుతున్న ప్రొఫెసర్ గారు అది చదివి, తక్కెడ గురించి ఏమీ అనకుండా "నీటిని దేనితో పోల్చావమ్మా?" అని ఒకే ప్రశ్న అడిగి ముందుకు వెళ్లిపోయారు. తర్వాతి ఎంట్రీ ఇలా మొదలైంది: "12 గ్రాముల నీటిని 52తో భాగించాను. ఆ 52లో నీళ్లు కూడా ఉన్నాయి. నీటిని పైనా కిందా రెండు చోట్లా లెక్కపెట్టాను. పొడి మట్టి 40తో భాగిస్తే 30. తక్కెడకు సారీ." పాత కాగితం ఫొటో తీసేయకుండా పక్కనే కొత్త కాగితం ఫొటో పెట్టింది. ప్రొఫెసర్ గారు ఆ అమ్మాయిని అడిగి, పేరు చెప్పకుండా ఆ వారం నాలుగు సెక్షన్లలోనూ చదివి వినిపించారు. ఆయన అంత ఉత్సాహంగా ఉండటం అంతకుముందు నేను చూడలేదు.

మార్కుల దగ్గర ఎక్కువ ఆలోచించాం. పదింటిలో నాలుగు ఎంట్రీలకు, పెడితే ఒకటి, లేకపోతే సున్నా. బాగుందా లేదా అన్న ప్రశ్నే లేదు. మిగతా ఆరు చివరి పేజీకి. అందులో విద్యార్థి తన నాలుగింటిలో రెండు ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నాడో ఒక పేరాలో చెప్పాలి. అక్కడ చూసేది మనసు కాదు. చెప్పిన మాటకు పేజీలో ఆధారం ఉందా? ఆ ఆధారం నుంచి ఆ మాట వస్తుందా? ముందు ఎంట్రీకీ తర్వాతదానికీ చేసిన పనిలో తేడా కనిపిస్తోందా? ఐదు అంశాల రూబ్రిక్ స్థానంలో ఈ మూడు ప్రశ్నలు మిగిలాయి. ఎంట్రీలు పని చేసుకునే చోటు, చివరి పేజీ ప్రదర్శించే చోటు. మొదటి మీటింగ్‌లో పేజీ తిప్పేసిన ఆ మూడు మాటలు ఇక్కడికి వచ్చాక గానీ విడివడలేదు.

అన్నిటికంటే కష్టమైన బేరం ల్యాబ్ రికార్డు. విద్యార్థులు అప్పటికి రెండూ రాస్తున్నారు. రికార్డు తీసేస్తే ప్రాక్టికల్ పరీక్షకు వచ్చే ఎక్స్‌టర్నల్ ఏం చూస్తారని ప్రొఫెసర్ గారి అభ్యంతరం. అది న్యాయమైనదే. రెండు వారాలు సాగదీశాక ఒప్పందం కుదిరింది: పోర్ట్‌ఫోలియో ఎంట్రీ ఉన్న నాలుగు ప్రయోగాలకు రికార్డు ఉండదు, ఎంట్రీ ప్రింటు తీసి ఫైల్లో పెడితే చాలు. మిగతావాటికి రికార్డు యథాతథం. పాత బరువు దించకుండా కొత్త బరువు ఎక్కిస్తే విద్యార్థి రెంటినీ మొక్కుబడిగా మోస్తాడు. ఈ ఒప్పందం కుదరకపోయి ఉంటే మిగతా మార్పులన్నీ వృథా అయ్యేవని నా అభిప్రాయం.

మధ్యలో వచ్చిన ఒక ఇబ్బంది

ఒక ఫీల్డ్ పర్యటన ఎంట్రీలో గోతి పక్కన మట్టి కొట్టుకుపోయి కూర్చున్న తోటి విద్యార్థి ఫొటో ఉంది. పేజీ పెట్టినవాడు సరదాకి దాన్ని అందరికీ కనిపించేలా లింకు చేసి పంచాడు. ఫొటోలో ఉన్న అబ్బాయి వచ్చి తీయించమని అడిగాడు. తీయించాం, క్షమాపణ చెప్పించాం. కానీ తప్పు సెట్టింగుల్లో ఉంది. పంచుకునే వీలు మొదటి రోజు నుంచీ విద్యార్థి చేతిలోనే వదిలేశాం, దాని గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఎంట్రీలు విద్యార్థికీ ఆ సెక్షన్ అధ్యాపకులకూ మాత్రమే కనిపించేలా చేశాం. చివరి పేజీని బయటికి చూపాలా వద్దా అన్నది కోర్సు ముగిశాక విద్యార్థి ఇష్టం. ఫొటోలో మనుషులుంటే వాళ్లనడగాలి, అసలు మనుషుల కన్నా మట్టిని తీయడం మేలు. సమీక్ష కమిటీకి ఆధారాలు కావాలన్న శాఖాధిపతి కోరికను కూడా ఇలాగే తీర్చాం. ఒప్పుకున్న ఆరుగురి చివరి పేజీలను, పేర్లు తీసి, ఫైలుగా ఇచ్చాం. మొత్తం 168 మందివీ ఇస్తే ఎవరూ చదవరని ఆయనకు నచ్చజెప్పడానికి ఆ వంద గంటల లెక్క బాగా పనికొచ్చింది.

ఇంకా కుదరనివి

రాతను కృత్రిమ మేధతో రాయించుకోవడం ఆగలేదు. ల్యాబ్‌లోనే రాయడం, చేతిరాత కాగితం ఫొటో ఉండటం వల్ల తగ్గిందని మేడమ్ అంటారు. చివరి పేజీ పేరాల్లో మాత్రం కొన్ని మరీ నున్నగా ఉంటున్నాయి. వాటిని పట్టుకునే పనిలో పడొద్దని నా సలహా. ఆధారంతో పొంతన లేని నున్నని పేరాకి ఆ మూడు ప్రశ్నల దగ్గరే మార్కులు పోతాయి.

చాలామంది ఫోన్‌లోనే రాస్తారు, ఆ తెర మీద పేజీలో భాగాలు అటూ ఇటూ జరపడం నరకం. అందుకని అలంకరణ వద్దన్నాం, ఒక ఫొటో, నాలుగు వాక్యాలు చాలు. చదువు పూర్తయ్యాక అకౌంట్లు మూసేస్తారు కాబట్టి, ముందే ఎగుమతి చేసుకుని దాచుకోమని చివరి ల్యాబ్‌లో చేయించాం. చేసుకున్నవాళ్లలో ఎంతమంది మళ్లీ తెరుస్తారో చెప్పలేను.

ఫీల్డ్ సార్ సెక్షన్‌లో ఇది అలవాటైపోయింది. నాలుగో ఆయన ల్యాబ్‌లో చదువుతారు, నోటితో అడుగుతారు, రాతపూర్వక వ్యాఖ్యల్లో రెండోది ఎగ్గొడతారు. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను. ఏమాత్రం అదనపు సమయం లేని మనిషి దగ్గర కూడా సగం నడుస్తోందంటే నాకు అది తక్కువేం కాదు. ప్రొఫెసర్ గారు ఈ మధ్య ఒక ఎంట్రీ తగ్గించమని అడుగుతున్నారు, మేడమ్ ఒకటి పెంచమంటున్నారు.

నా పనిలో మారినవి

సాఫ్ట్‌వేర్ వర్క్‌షాప్ ఇప్పుడు మొదట పెట్టను. కోర్సు మొదలైన రెండో వారంలో, మొదటి ఎంట్రీ పెట్టే రోజున, ల్యాబ్‌లోనే అరగంట చెబుతాను. 22 పేజీల మాన్యువల్ ఒకటిన్నర పేజీ అయింది. బటన్ల గురించిన ప్రశ్నలను అప్పట్లో మొహమాటం లేకుండా అడిగిన ప్రశ్నలనుకున్నాను. ఇప్పుడు అవి మొహమాటంతో అడిగినవని అనుమానం. "ఇది చదవడానికి నాకు సమయం లేదు" అని శాఖాధిపతి ముందు చెప్పడం కంటే "ఫొటో ఎక్కడ పెట్టాలి" అని అడగడం తేలిక. అందుకే అధ్యాపకులతో మొదటి మాట విడివిడిగా, శాఖాధిపతి లేకుండా మాట్లాడుతున్నాను. వాళ్ల టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని, చదివే గంటలను అందులో గుర్తిస్తున్నాను. గళ్లలో చోటు దొరకకపోతే ఎంట్రీలు తగ్గిస్తాం. రెండుసార్లు అసలు పోర్ట్‌ఫోలియో వద్దనే చెప్పాను, అందులో ఒక శాఖకు నామీద ఇంకా కోపమే.

పోయిన నెల ఇంకో శాఖ నుంచి ఫోన్ వచ్చింది. ఈ కోర్సు గురించి విన్నారట, తమకూ కావాలట, ట్రైనింగ్ ఎప్పుడు పెడతారని అడిగారు. విద్యార్థులు ఎంతమంది, ఎవరివి ఎవరు చదువుతారు, వారంలో ఏ రోజు అని అడిగాను. అటువైపు కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు వినపడింది. "కనుక్కుని చెబుతామండీ" అన్నారు. ఇంకా చెప్పలేదు.